గోబర్ గ్యాసుతో ఆయిల్ ఇంజను: ఎవరికి లాభం, ఎంతవరకు లాభం?

పాలకేంద్రంలో పాలు పోసి నాలుగు మాటలు మాట్లాడుకునే సభ్యుల మధ్య డీజిలు ఖర్చు ప్రస్తావన రాకుండా ఉండదు. గడ్డి కోసే మిషనుకు డీజిలు. బావి మీద ఇంజనుకు డీజిలు. కరెంటు పోతే పాలు చల్లబరిచే కేంద్రంలో జనరేటరుకు డీజిలు. పాలు మోసే బండికీ డీజిలే. ఇంకోవైపు పెరట్లో గోబర్ గ్యాసు డ్రమ్ము నిండుగా పైకి లేచి కనిపిస్తూ ఉంటుంది. "ఈ గ్యాసుతోనే ఇంజను నడపకూడదా? పనిలో పనిగా జీపుకు కూడా పెట్టించకూడదా?" అని సభ్యులు అడగడం సహజం.

నడపవచ్చు. కాని అన్ని ఇంజన్లకూ ఇది పనికిరాదు, అన్ని ఇళ్ళకూ గిట్టుబాటు కాదు. డబ్బు ఖర్చు పెట్టి మెకానిక్కును పిలవకముందే ఇందులోని కిటుకు ఏమిటో, లెక్క ఏమిటో సభ్యులు తెలుసుకోవడం మంచిది.

డీజిలు ఇంజనులో నిప్పు ఎక్కడిది?

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించడానికి స్పార్కు ప్లగ్గు ఉంటుంది. డీజిలు ఇంజనులో అది ఉండదు. సిలిండరులోకి వచ్చిన గాలిని పిస్టను సుమారు పదహారో వంతుకో, పదిహేడో వంతుకో అణిచివేస్తుంది. సైకిలు పంపు కొడుతున్నప్పుడు దాని అడుగు చెయ్యి కాలేటట్టు వేడెక్కడం మనం చూసిందే. ఇంజనులో ఆ వేడి ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వేడి గాలిలోకి నాజిలు డీజిలును తుంపరగా చిమ్మగానే అది భగ్గున అంటుకుంటుంది.

డీజిలు సుమారు 250 డిగ్రీల వేడికే అంటుకునే స్వభావం గలది. గోబర్ గ్యాసులో మండే భాగం మీథేను. అది అంటుకోవడానికి డీజిలుకు కావలసిన దానికి రెండింతలకు పైగా వేడి కావాలి. కాబట్టి డీజిలు పూర్తిగా కట్టేసి గ్యాసు ఒక్కటే పంపిస్తే ఇంజను ఆగిపోతుంది. పొయ్యి నిండా కట్టెలు పేర్చినా అగ్గిపుల్ల గీయనిదే మంట రాదు గదా! ఇక్కడ గ్యాసు కట్టెలవంటిది, డీజిలు అగ్గిపుల్లవంటిది. గ్యాసు గాలితో కలిసి సిలిండరులోకి వెళుతుంది. కొద్దిపాటి డీజిలు చుక్క దానిని అంటిస్తుంది. రెండు ఇంధనాలతో నడిచే ఇంజను అంటే ఇదే.

ఇందువల్ల డీజిలు వాడకం సున్నాకు రాదు. అంతా సక్రమంగా ఉంటే నూటికి 80 వంతుల వరకు తగ్గుతుంది. మిగిలిన 20 వంతులు ఎప్పటికీ ఉండవలసిందే. ఆ కొంచెం డీజిలు నాజిలు మొనను చల్లగా ఉంచడానికి కూడా అవసరం. దానినీ మిగుల్చుదామని చూస్తే నాజిలు పాడైపోతుంది.

ఏమేమి అమర్చాలి?

నిలకడగా ఒకచోట ఉండే 5 అశ్వశక్తుల ఆయిల్ ఇంజనుకు ఈ మార్పు కష్టమైనది కాదు. పిస్టను, నాజిలు, పంపు దేనినీ మార్చనక్కరలేదు. గాలి ఫిల్టరుకు, ఇంజనుకు మధ్య గ్యాసు, గాలి కలిసే ఒక గొట్టం అమర్చాలి. గ్యాసు డ్రమ్ము నుంచి వచ్చే పైపును దానికి తగిలించాలి. దారిలో నాలుగు వస్తువులు తప్పక ఉండాలి.

మొదటిది, చేతికి అందే చోట గ్యాసు కట్టే వాల్వు. రెండవది, పైపులో చేరే నీటిని దించివేయడానికి పల్లపు చోట ఒక కుళాయి. మూడవది, ఇంజను వైపు నుంచి మంట వెనక్కు పాకి డ్రమ్ము వరకు పోకుండా ఆపే సన్నని తీగవల దట్టించిన మంటనిరోధకం. నాలుగవది, తుప్పు పట్టిన ఇనుప రజను నింపిన డబ్బా. గోబర్ గ్యాసులో కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే గంధకపు వాయువు కొద్దిగా ఉంటుంది. అది ఇత్తడి, రాగి భాగాలను తినేస్తుంది, ఇంజను ఆయిలును చెడగొడుతుంది. ఇనుప తుప్పు దానిని పట్టి ఉంచుతుంది. రజను నల్లబడితే తీసి ఆరుబయట పలుచగా పరచి గాలి తగలనిస్తే మళ్ళీ పనికి వస్తుంది. గాలి తగిలినప్పుడు అది బాగా వేడెక్కుతుంది గనుక గడ్డివాముకు, కొట్టానికి దూరంగా పరచాలి.

గోబర్ గ్యాసు ఒత్తిడి చాలా తక్కువ. అందుచేత ఇంజను డ్రమ్ముకు దగ్గరలోనే ఉండాలి, పైపు సన్ననిది వాడకూడదు.

నడిపే పద్ధతి

1. ఇంజనును ఎప్పటిలాగే డీజిలుతో స్టార్టు చేసి, వేడెక్కేవరకు అయిదు పది నిమిషాలు నడవనివ్వాలి.

2. మిషను బెల్టు తగిలించి బరువు మోపిన తరువాత గ్యాసు వాల్వును నెమ్మదిగా తెరవాలి.

3. గ్యాసు అందగానే ఇంజను వేగం పెరగబోతుంది. వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు వెంటనే డీజిలును తనంతట తానే తగ్గిస్తుంది. మనం డీజిలు వైపు చెయ్యి పెట్టే పని లేదు.

4. వాల్వు ఇంకా తెరుస్తూ పోతే ఒకచోట ఇంజను తడబడడం, దడదడ కొట్టుకోవడం మొదలవుతుంది. అదే హద్దు. అక్కడి నుంచి వాల్వును కొంచెం వెనక్కు తిప్పి వదిలిపెట్టాలి.

5. ఆపేటప్పుడు ముందు గ్యాసు కట్టాలి. రెండు మూడు నిమిషాలు డీజిలుతో నడిపి, ఆ తరువాత ఇంజను ఆపాలి.

డ్రమ్ములో గ్యాసు మధ్యలో అయిపోయినా ఇంజను ఆగదు. వేగం తగ్గబోతుండగానే గవర్నరు డీజిలు పెంచుతుంది. ఈ పద్ధతిలో ఉన్న పెద్ద సౌకర్యం ఇదే.

ఇక లెక్కకు వద్దాం

కిలో పచ్చిపేడ నుంచి సుమారు 40 లీటర్ల గ్యాసు వస్తుంది. అంటే 25 కిలోల పేడకు ఒక ఘనపు మీటరు. కట్టుగొయ్య దగ్గర మేపే గేదె రోజుకు సుమారు 15 కిలోల పేడ వేస్తుంది. ఇంజను ఒక అశ్వశక్తితో ఒక గంట నడవడానికి సుమారు 0.42 ఘనపు మీటర్ల గ్యాసు కావాలి. 5 అశ్వశక్తుల ఇంజను నిండు బరువుతో గంట నడిస్తే 2.1 ఘనపు మీటర్లు ఖర్చవుతుంది. ఇందువల్ల మిగిలే డీజిలు ఒక లీటరుకు కొంచెం తక్కువ.

నాలుగు గేదెలున్న ఇంటిని తీసుకుందాం. రోజుకు 60 కిలోల పేడ, 2.4 ఘనపు మీటర్ల గ్యాసు. ఇంట్లో అయిదుగురికి వంటకు సుమారు ఒకటిన్నర ఘనపు మీటర్లు కావాలి. మిగిలేది 0.9. దానితో ఇంజను నడిచేది అరగంట కూడా కాదు. నాలుగు గేదెలకు గడ్డి కోసుకోవడానికి అది సరిపోవచ్చు. కాని మిగిలే డీజిలు రోజుకు 400 మిల్లీలీటర్లకు మించదు. చలికాలంలో గ్యాసు ఇంకా తగ్గుతుంది.

పదిహేను గేదెలున్న ఇంట్లో లెక్క వేరు. 225 కిలోల పేడకు 9 ఘనపు మీటర్లు వస్తుంది. వంటకు పోగా ఏడున్నర మిగులుతుంది. దానితో ఇంజను మూడు గంటల పైచిలుకు నడుస్తుంది, రోజుకు మూడు లీటర్లకు పైగా డీజిలు మిగులుతుంది. అయితే ఆ గ్యాసుకు తగిన పెద్ద ప్లాంటు, పేడకు సమానంగా కలపడానికి రోజూ నీళ్ళు, కలిపే మనిషి ఉండాలి.

ముందు పొయ్యి, తరువాతే ఇంజను

ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉంది. డీజిలు ధర పెరిగినప్పుడల్లా గ్యాసును ఇంజనుకు మళ్ళించాలన్న ఆశ పుడుతుంది. ఇంజను గంటలో తాగే గ్యాసు అయిదుగురి కుటుంబానికి ఒక పూర్తి రోజు వంటకు సరిపోయి ఇంకా మిగులుతుంది. మగవారు ఇంజనుకు వాడేస్తే, ఇల్లాలు మళ్ళీ పిడకల పొగలో కూర్చోవలసి వస్తుంది. పేడ ఎత్తేదీ, కలిపేదీ చాలా ఇళ్ళలో ఆమే. ఆమె కష్టంతో పుట్టిన గ్యాసు ముందు ఆమె పొయ్యికే చెందాలి. వంటకు పోగా నిత్యం మిగులు ఉన్న ఇంటికే ఈ ఇంజను పద్ధతి తగినది.

మరి జీపుకు?

ఇప్పటి జీపుల్లో, పాలు మోసే బండ్లలో చాలావరకు టర్బో డీజిలు ఇంజన్లే. గాలిని ఒత్తిడితో సిలిండరులోకి కుక్కే పంకా వాటిలో ఉంటుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందే టర్బో డీజిలు జీపుల గాలిదారిలోకి వంటగ్యాసు జాతి గ్యాసును కొద్దికొద్దిగా చిమ్మే పరికరాలను ఆస్ట్రేలియా వంటి దేశాలలో అమర్చుకున్నారు. అక్కడ కూడా గ్యాసు డీజిలుకు తోడు మాత్రమే, బదులు కాదు.

బావి మీద ఇంజను ఒకే వేగంతో, ఒకే బరువుతో నడుస్తుంది. జీపు అలా కాదు. గేరు మారిన ప్రతిసారీ, ఎత్తు ఎక్కిన ప్రతిసారీ దాని అవసరం మారుతుంది. ఆ క్షణానికి తగినంత గ్యాసు కొలిచి పంపే ఎలక్ట్రానిక్ పరికరం లేకుండా పైపు తగిలిస్తే, బరువు మీద గ్యాసు ఎక్కువై పిస్టను తల కరిగిపోయే ప్రమాదం ఉంది. పాలబండి దారిలో ఆగిపోతే నష్టపోయేది బండి యజమాని ఒక్కడే కాదు. ఆ పూట పాలు పోసిన ప్రతి సభ్యుడికీ నష్టమే.

గోబర్ గ్యాసుకైతే ఇంకో అడ్డంకి ఉంది. జీపు లీటరుకు పది కిలోమీటర్లు పోతుందనుకుంటే, ఆ ఒక్క లీటరు డీజిలుకు సాటిగా రెండు ఘనపు మీటర్లకు పైగా గ్యాసు కావాలి. అంటే మన 40 లీటర్ల పాలక్యాన్లు యాభై నిండేంత! పది కిలోమీటర్ల కోసం యాభై క్యాన్ల గ్యాసు మోసుకుపోవడం సాధ్యం కాదు. బండికి వాడాలంటే బొగ్గుపులుసు వాయువును, గంధకపు వాయువును తీసివేసి, మిగిలిన మీథేనును గట్టి సిలిండర్లలోకి విపరీతమైన ఒత్తిడితో ఎక్కించాలి. అది పెరట్లో జరిగే పని కాదు. గుజరాత్‌లో బనాస్ డెయిరీ దామా గ్రామం వద్ద ఇటువంటి కేంద్రాన్ని నెలకొల్పింది. 2022 ఏప్రిల్‌లో దానిని జాతికి అంకితం చేశారు. రైతుల నుంచి పేడ కొని, శుద్ధి చేసిన గ్యాసును వాహనాలకు అందించడం దాని ఉద్దేశం.

చట్టం సంగతి కూడా సభ్యులు తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, ఆమోదం పొందిన పరికరంతో, రవాణా శాఖ వారి రిజిస్ట్రేషను పత్రంలో నమోదుతో తప్ప బండి ఇంధనాన్ని మార్చకూడదు. వంటింటి సిలిండరు తెచ్చి బండికి తగిలించడం నేరం, ప్రాణాపాయం కూడా.

పదిమంది కలిస్తే

ఒక్క ఇంటికి గిట్టని పని ఊరికి గిట్టవచ్చు. కర్ణాటకలో తుమకూరు జిల్లా పుర గ్రామంలో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారి సహాయంతో ఊరుమ్మడి గోబర్ గ్యాసు ప్లాంటు నిర్మించారు. మొదట వంటకు ఇవ్వాలనుకున్నారు. ఊరందరి వంటకు గ్యాసు చాలలేదు. అప్పుడు అదే గ్యాసుతో రెండు ఇంధనాల ఇంజను నడిపి 5 కిలోవాట్ల జనరేటరు తిప్పారు. 1987 నుంచి ఆ కరెంటుతో ఇళ్ళలో దీపాలు వెలిగాయి, గొట్టపు బావి నీళ్ళు కుళాయిలకు వచ్చాయి. ఇళ్ళవారు తెచ్చిన పేడను తూచి తీసుకొని, కిలోకు 2 పైసలు రుసుము ఇచ్చి, గ్యాసు తీసిన మడ్డిని ఎరువుగా తిరిగి ఇచ్చారు. గ్యాసు తీసినందువల్ల పేడలోని నత్రజని పోదు గనుక రైతు నష్టపోలేదు.

పాలు తూచి పోసి, లెక్క రాసుకొని, వచ్చిన దానిని పంచుకోవడం మన సంఘాలకు కొత్త విద్య కాదు. పాలు చల్లబరిచే కేంద్రం ఉన్న ఊళ్ళో జనరేటరు డీజిలు తగ్గించే ఆలోచన ఉంటే, ముందుగా ఎన్ని పశువుల పేడ రోజూ నిలకడగా వస్తుందో, నీళ్ళు ఉన్నాయో లేవో, చూసుకునే మనిషి ఎవరో తేల్చుకోవాలి. ఇంజను సంగతి ఆ తరువాత.

మరువకూడని జాగ్రత్తలు

గాలిలో గోబర్ గ్యాసు నూటికి ఆరు మొదలు పన్నెండు వంతుల వరకు కలిస్తే నిప్పురవ్వకు పేలుతుంది. ఇంజను పాక నాలుగువైపులా గాలి ఆడేటట్టు ఉండాలి. అక్కడ బీడీ, చుట్ట, లాంతరు పనికిరావు. పొగగొట్టం బయటికే ఉండాలి. పైపు అతుకులను సబ్బునీటితో పరీక్షించాలే గాని అగ్గిపుల్లతో చూడకూడదు. ఇంజను ఆయిలును మామూలు గడువు కంటే ముందే మార్చాలి. ప్లాంటు గొయ్యిలోకి మాత్రం ఎవరూ, ఏ కారణంతోనూ దిగరాదు. లోపల పడిన వస్తువు కోసం దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు, వారిని రక్షించబోయి తామూ పోయినవారు ఉన్నారు.

ఒక వారం రోజులు మీ ఇంటి పేడను తూచి చూడండి. దానిని 25తో భాగించండి. వంటకు కావలసింది తీసివేయండి. మిగిలినది రోజుకు నాలుగు ఘనపు మీటర్లు దాటితే ఇంజనుకు గ్యాసు పెట్టే ఆలోచన చేయండి. దాటకపోతే మీ గ్యాసు ఇప్పటికే తగిన చోటనే మండుతున్నదని తృప్తి పడండి.