టిక్‌టిక్ ఎందుకు తొందరపడింది?

కోనసీమలో చాలా రోడ్లు కాలవగట్ల మీదే నడుస్తాయి. ఒక పక్క కాలవ, మరో పక్క కొబ్బరితోట. చీకటి పడ్డాక అటువంటి గట్టు మీద అమలాపురం వైపు పోతున్న కారు వంతెన మీదికి తిరగాలంటే, వెనక వస్తున్న మోటారు సైకిలు వాడికి ఆ సంగతి ముందుగా తెలియాలి కదా! ఆ కబురు చెప్పేది కారు మూలనున్న చిన్న పసుపుపచ్చ దీపం. అదే ఇండికేటరు.

ఈమధ్య కొందరు అందులోని పాత బల్బు తీయించి ఎల్.ఇ.డి. బల్బు పెట్టిస్తున్నారు. అది కరెంటు తక్కువ వాడుకుంటుంది, చాలాకాలం మన్నుతుంది. అంతవరకూ నిజమే. కాని బల్బు మార్చిన రోజునే ఒక చిత్రం జరుగుతుంది. డ్రైవరు ముందున్న డాష్‌బోర్డులో బాణం గుర్తు మామూలు కన్నా గబగబా కొట్టుకుంటుంది. కొన్ని కార్లలోనైతే బల్బు పోయిందన్న హెచ్చరిక కూడా వెలుగుతుంది. దిగి చూస్తే బల్బులన్నీ చక్కగా వెలుగుతూనే ఉంటాయి. మరి కారు అబద్ధమాడుతున్నదా?

లేదు. కారుకు కళ్ళు లేవు. దీపం వెలుగుతున్నదో లేదో అది చూడలేదు. తీగలో ఎంత విద్యుత్తు ప్రవహిస్తున్నదో మాత్రమే దానికి తెలుసు.

లెక్క వేసి చూద్దాం. పాత రకం ఇండికేటరు బల్బు సాధారణంగా 12 వోల్టులు, 21 వాట్లది. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయని మీరు చదువుకున్నారు. 21ని 12తో భాగిస్తే 1.75. ఒక వైపున ముందొకటి, వెనకొకటి ఉంటాయి కనుక మొత్తం 3.5 ఆంపియర్లు. వీటిలో ఒక బల్బు మాడిపోయిందనుకోండి. ప్రవాహం 1.75కి, అంటే సగానికి పడిపోతుంది. దీపాన్ని వెలిగించి ఆర్పే ఫ్లాషరు అనే పరికరం ఈ తగ్గుదలను కనిపెట్టి వేగం పెంచుతుంది. మామూలుగా ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలగాలని నియమం. ఇంచుమించు రెట్టింపు వేగంతో కొట్టుకుంటే, "ఒక దీపం పోయింది, చూసుకో" అని డ్రైవరును హెచ్చరించడమన్నమాట.

ఇప్పుడు వెనక బల్బు స్థానంలో 3 వాట్ల ఎల్.ఇ.డి. పెట్టామనుకుందాం. అది తీసుకునేది పావు ఆంపియరు. మొత్తం 2 ఆంపియర్లు. మాడిపోయిన బల్బుకూ, పొదుపుగా వెలుగుతున్న బల్బుకూ మధ్య తేడా పావు ఆంపియరే! అంత చిన్న తేడాను పాపం ఫ్లాషరు గుర్తించలేదు. తనకు తెలిసిన లెక్క ప్రకారం నిజమే చెబుతున్నది.

అంబాసిడర్ కార్ల కాలంలో ఫ్లాషరు ఇంకా సాదాగా ఉండేది. రెండు వేరువేరు లోహాల రేకులను అతికించిన పట్టీ అందులో ఉంటుంది. కరెంటు పారినప్పుడు పట్టీ వేడెక్కుతుంది. రెండు లోహాలూ ఒకేలా వ్యాకోచించవు కనుక అది వంగుతుంది, వలయం తెగుతుంది, దీపం ఆరుతుంది. చల్లారగానే మళ్ళీ అతుక్కుంటుంది. మనం వినే టిక్‌టిక్ ఆ పట్టీ చప్పుడే. (కొత్త కార్లలో చాలావాటికి అటువంటి పట్టీ లేదు. అలవాటు పడిన చెవుల కోసం ఆ చప్పుడును స్పీకరు చేత పలికిస్తారు!) ఇటువంటి పాత ఫ్లాషరుకు ఎల్.ఇ.డి. తగిలిస్తే పట్టీ వంగేటంత వేడి పుట్టదు. దీపం మిణుకుమనడం మాని, అలాగే వెలుగుతూ ఉండిపోతుంది.

దీనికి షాపుల్లో చేసే వైద్యం ఒకటుంది. ఎల్.ఇ.డి.కి సమాంతరంగా 6 ఓముల రెసిస్టరు కలుపుతారు. 12 వోల్టుల దగ్గర అది 2 ఆంపియర్లు తీసుకుంటుంది. ఫ్లాషరు తృప్తిపడుతుంది, టిక్‌టిక్ నెమ్మదిస్తుంది. కాని ఆలోచించండి. 12ను 2తో గుణిస్తే 24 వాట్లు. రేడియో బాగుచేసేవారి సోల్డరింగు ఐరను 25 వాట్లది. ఇండికేటరు వెలిగిన ప్రతిసారీ అంత వేడి పుడుతుందన్నమాట. ఆ రెసిస్టరును ప్లాస్టిక్కుకో, తీగల కట్టకో ఆనించి కడితే కరిగిపోవడం ఖాయం. ఇనుప రేకుకు బిగించాలి.

ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. రేపు ఆ ఎల్.ఇ.డి. నిజంగానే పోయిందనుకోండి. రెసిస్టరు మాత్రం తన 2 ఆంపియర్లూ తీసుకుంటూనే ఉంటుంది. డాష్‌బోర్డులో బాణం గుర్తు నింపాదిగా కొట్టుకుంటుంది. డ్రైవరు ధైర్యంగా వంతెన మీదికి తిరుగుతాడు. వెనక దీపం మాత్రం చీకటి! లోపలే రెసిస్టరు అమర్చి అమ్మే బల్బుల సంగతీ ఇంతే. ప్రవాహంతో నిమిత్తం లేకుండా ఒకే వేగంతో కొట్టే ఎలక్ట్రానిక్ ఫ్లాషరు పెడితే వేడి బాధ తప్పుతుంది గాని, బల్బు పోయిన సంగతి అదీ చెప్పదు. నన్నడిగితే ఇండికేటరులో 21 వాట్ల బల్బునే ఉండనివ్వడం మేలు. అది రోజుకు ఎంతసేపు వెలుగుతుంది గనుక?

బల్బు మార్చకపోయినా ఇండికేటరు తొందరపడే సందర్భం ఒకటుంది. వెనక బంపరుకు గార్డు బిగించినప్పుడో, దీపం డొప్ప మార్చినప్పుడో ఎర్తు తీగ మరను సరిగా బిగించకపోతే ఇలా జరుగుతుంది. కారులో బల్బుకు వెళ్ళేది ఒక తీగే. తిరిగి బ్యాటరీకి దారి కారు ఇనుప శరీరమే. ఉప్పుగాలి వీచే అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఆ మర దగ్గర తుప్పు త్వరగా పడుతుంది. అప్పుడేమవుతుంది? మురుగుకాలవకు గుర్రపుడెక్క అడ్డం పడితే చేలో నీరు ఏం చేస్తుందో మీకు తెలుసు. పక్క చేలోకి తోసుకుపోతుంది. విద్యుత్తూ అంతే. పక్కనున్న ఎర్రదీపం ఫిలమెంటు గుండా ఎదురునడిచి, దాని తీగ వెంట అవతలి దీపం దాకా పోయి, అక్కడి ఎర్తును పట్టుకుంటుంది. ఇన్ని ఫిలమెంట్లు దాటవలసి రావడంతో ప్రవాహం తగ్గుతుంది. ఫ్లాషరు తొందరపడుతుంది. పైగా ఇండికేటరు వేస్తే ఎర్రదీపం కూడా మసకగా మిణుకుమంటుంది. ఆ మిణుకే ఆనవాలు.

పరీక్ష సులభం. ఇండికేటరు వేసి ఉంచి, బల్బు హోల్డరు ఎర్తు కొసకూ, రంగులేని శుభ్రమైన ఇనుప భాగానికీ మధ్య ఒక తీగముక్క ఆనించాలి. పెద్దలెవరైనా దగ్గరుండగా చేయండి. తీగ కరెంటు వచ్చే కొసకు తగిలితే ఫ్యూజు పోతుంది. ఎర్రదీపం మిణుకు ఆగి టిక్‌టిక్ నెమ్మదించిందా, దోషం ఎర్తుదే. మర విప్పి, తుప్పును గరుకు కాగితంతో గీకి, గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు రాస్తే సరి.