వాము ఘాటు... అమెరికా రూటు!

వాము పువ్వు, పిప్పర్మెంటు పువ్వు, పచ్చకర్పూరం. మూడూ గట్టి పలుకులే. సమపాళ్లలో సీసాలో వేసి మూత బిగిస్తే, నీటిచుక్క పోయకుండానే కాసేపటికి కరిగి ద్రవమైపోతాయి. అమృతధార అనే ఇంటిమందు ఇదే. 1920లో హైదరాబాద్‌లో పుట్టిన మందు జిందా తిలిస్మాత్‌లోనూ నీలగిరి తైలానికి తోడు ఈ సరుకులే ఉంటాయి.

ఆ వాము పువ్వుకే శాస్త్రవేత్తలు పెట్టిన పేరు థైమాల్. వాము గింజల్లో నూనె ఉండేది రెండు నుంచి నాలుగు శాతం. అందులో ఇంచుమించు సగం థైమాలే. ఇప్పుడా నూనె అమెరికాలో ‘అజ్వైన్ ఎసెన్షియల్ ఆయిల్’ పేరుతో అరోమాథెరపీ సీసాల్లోకి ఎక్కింది.

నిజానికి ఆ దేశానికి థైమాల్ కొత్తేమీ కాదు. 1879లో సెయింట్ లూయిస్‌లో తయారైన క్రిమినాశిని లిస్టెరిన్‌లో ఉంది. అంతకన్నా పెద్ద కథ అక్కడి దక్షిణాది రాష్ట్రాలది. ఒట్టికాళ్లతో తిరిగే పేదల పాదాల గుండా కొంకిపురుగులు లోపలికి చేరి రక్తం పీల్చేసేవి. వాటి అంతు చూడమని 1909లో చమురు కుబేరుడు రాక్‌ఫెల్లర్ పది లక్షల డాలర్లు ఇచ్చాడు. మందు థైమాల్ గుళికలు, ముందూ వెనకా విరేచనాల ఉప్పు. ఆ పూట నూనె, వెన్న, సారా ముట్టొద్దని గట్టిగా చెప్పేవారు. వాటిలో థైమాల్ కరిగి ఒంటికి పట్టిందంటే ప్రాణం మీదికొచ్చేది మరి! అప్పట్లో మన వాము ఓడలెక్కి జర్మనీకి వెళ్లి, అక్కడి ఫ్యాక్టరీల్లో థైమాల్‌గా మారేది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధమొచ్చి సరఫరా దెబ్బతినేసరికి అమెరికా వ్యవసాయ శాఖ తమ నేలమీది హార్స్‌మింట్ మొక్క నుంచి తీయొచ్చా అని పరీక్షలు చేసింది.

ఇంతటి మొండి మందును ‘మనసుకు హాయి’ అని అమ్మడమే నాకు విడ్డూరం. వాసన పీలిస్తే దిబ్బడ వేసిన ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది, కాదనను. సూక్ష్మజీవులనూ చంపుతుంది, థైమాల్‌తో చేసిన క్రిమిసంహారకాలకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అనుమతి ఉంది. కానీ బల్లమీది క్రిమిని చంపడం వేరు, మనిషి రోగం కుదర్చడం వేరు. రోగం తగ్గుతుందని చెప్పి అమ్మితే అక్కడి చట్టం దాన్ని ఔషధంగానే లెక్కగడుతుంది. 2014లో యూటాలోని యంగ్ లివింగ్, డోటెర్రా కంపెనీలకు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖలు పంపింది అందుకే. వాటి నూనెలు ఎబోలాకూ పనిచేస్తాయని అమ్మకందార్లు ప్రచారం చేశారు మరి.

వాడాలనుకుంటే చెంచాడు కొబ్బరినూనెలో ఒక్క చుక్క చాలు. ముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒకరోజు ఆగి చూడాలి. స్నానపు తొట్టెలో వేయొద్దు. నీళ్లలో కలవక పైన తేలి, ఒళ్లు మండిస్తుంది. గర్భిణులు, పసిపిల్లలున్న ఇళ్లవాళ్లు దూరంగా ఉండటమే మేలు. పిల్లిని పెంచుకునేవాళ్లు వాసన వెదజల్లే డిఫ్యూజర్ జోలికే పోవద్దు. ఈ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా వదిలించుకోలేదు. ఇక తాగడమంటారా, ఆ ఆలోచనే వద్దు. అజీర్తికైతే ఇండియన్ గ్రోసరీలో వాము పొట్లం దొరుకుతుంది, సీసాకన్నా చవగ్గా.