ఎవరెస్టుకు ఎన్ని చొక్కాలు?

సదాశివనగర్‌ పిల్లలకు తాడ్వాయి ఎక్కడుందో చెప్పనక్కరలేదు. పక్క మండలమే. తక్కిన ఊళ్ళ పాఠకుల కోసం చెబుతున్నాను. హైదరాబాదు నుంచి నిజామాబాదుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే, కామారెడ్డి దాటాక సదాశివనగర్ వస్తుంది. ఆ పక్కన తాడ్వాయి. అక్కడి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. అప్పటికి ఆమె వయసు 13 సంవత్సరాల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన అమ్మాయి అంతకు ముందు ప్రపంచంలోనే లేదు. ఆమెతో పాటు ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు.

పూర్ణది నిజామాబాదు జిల్లా సిరికొండ మండలంలోని పాకాల. వ్యవసాయ కూలీల కుటుంబం. భువనగిరి కొండ మీద రాళ్ళు ఎక్కడం నేర్చుకుని, డార్జిలింగులోనూ, లడఖ్‌లోనూ మంచులో శిక్షణ పొంది, టిబెట్ వైపు నుంచి శిఖరానికి వెళ్ళింది. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్ళ లోపు వారిని ఎక్కనివ్వరు. ఈ కథ మీలో చాలామందికి తెలుసు. దీని మీద 2017లో సినిమా కూడా వచ్చింది. సినిమా చూసిన వాళ్ళు కూడా అంతగా పట్టించుకోని ఒక సంగతి గురించి ఈ నెల మాట్లాడుకుందాం. మే నెలలో మన ఊళ్ళలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అదే నెలలో ఆ పిల్ల నిలబడిన చోట ఎంత చలి? ఆ చలిలో ఒంటి మీద ఏముండాలి?

మొదటి ప్రశ్నకు జవాబు మీరే లెక్క కట్టవచ్చు. పైకి వెళ్ళేకొద్దీ గాలి చల్లబడుతుంది. కిలోమీటరుకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందని మీ భూగోళ పాఠంలో ఉంది. ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్ల పైచిలుకు. సముద్ర మట్టం దగ్గర 30 డిగ్రీలు ఉందనుకుంటే, 8.8 ని 6.5 తో గుణించి అందులోంచి తీసివేయండి. మైనస్ 27 వస్తుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే. పైగా ఇందులో గాలి వేగం కలపలేదు.

ఇక రెండో ప్రశ్న. “దానికేముంది, లావుపాటి కోటు ఒకటి వేసుకుంటే సరి” అంటారా? ఎవరెస్టు దాకా ఎందుకు, సదాశివనగర్‌లో డిసెంబరు తెల్లవారుజామున లావుపాటి స్వెట్టరు తొడుక్కుని సైకిలు తొక్కుకుంటూ బడికి వెళ్ళి చూడండి. రెండు కిలోమీటర్లకే వీపు చెమటతో తడుస్తుంది. బడి దగ్గర దిగి చెట్టు నీడన నిలబడగానే వణుకు మొదలవుతుంది. ఎవరెస్టు మీద ప్రాణాలు తీసే సంగతి కూడా ఇదే. అందుకే దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

స్వెట్టరు వెచ్చగా ఉందని అంటాం గానీ, స్వెట్టరుకు సొంతంగా వేడి లేదు. వేడి మీ ఒంటిది. ఐసు అమ్మేవాళ్ళు ఐసు గడ్డను రంపపు పొట్టులో పెట్టి గోనెపట్టా కప్పడం చూశారు కదా? అదే గోనె మనం కప్పుకుంటే వెచ్చగా ఉంటుంది. అది లోపలి వేడిని బయటికి పోనివ్వదు, బయటి వేడిని లోపలికి రానివ్వదు. అంతే దాని పని. అయితే ఆ పని చేసేది గోనె నార కాదు. నారల మధ్య చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి. గాలి అధమ ఉష్ణవాహకం. నీరు గాలి కంటే 20 రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. ఈ ఒక్క పోలిక గుర్తుంటే మిగతాదంతా సులువు: బట్టలో గాలి ఉన్నంతసేపు అది మీ పక్షం, అందులో నీరు చేరిందా, మీ శత్రువు.

నీరు ఎక్కడి నుంచి వస్తుంది? అంత చలిలో వాన పడదు, మంచు కరగదు. నీరు మన ఒంటి నుంచే వస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని ఇస్తూ ఉంటుంది. అంటే ఒక 100 వాట్ల బల్బు అన్నమాట. అదే మనిషి వీపు మీద మూటతో కొండ ఎక్కుతుంటే అలాంటి బల్బులు అయిదు వెలిగినట్లు. మన కండరాలు అంత గొప్ప యంత్రాలు కావు. తిన్న తిండి శక్తిలో నాలుగో వంతు కూడా సరిగా పనిగా మార్చలేవు, మిగతాదంతా వేడే. ఆ వేడి పోవడానికి చెమట పడుతుంది. ఎక్కడం ఆపగానే అయిదు బల్బులు ఒకటికి దిగిపోతాయి. కానీ చొక్కాలో చెమట అలాగే ఉంటుంది.

అది ఎంత చెరుపు చేస్తుందో లెక్క వేద్దాం. మీ చొక్కా 200 గ్రాముల చెమట పీల్చుకుందనుకోండి. ఒక గ్లాసు నీళ్ళు, అంతకంటే ఏమీ ఎక్కువ కాదు. ఒంటి వేడి దగ్గర ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీలు కావాలి. బాష్పీభవన గుప్తోష్ణం అని చదువుకున్నది ఇదే. 200 గ్రాములకు 1,16,000 కేలరీలు. మీ బరువు 40 కిలోలు, శరీరం విశిష్టోష్ణం సుమారు 0.83 అనుకుంటే, మీ ఒంటిని ఒక్క డిగ్రీ చల్లబరచడానికి 33,200 కేలరీలు లాగితే చాలు. భాగించండి. మూడున్నర డిగ్రీలు! శరీరం వేడిని పుట్టిస్తూనే ఉంటుంది కాబట్టి నిజంగా అంత పడిపోదు. ఆవిరి అయ్యే వేడి అంతా ఒంటి నుంచే రాదు కూడా. కానీ 37 డిగ్రీలు ఉండవలసిన లోపలి వేడి 35 కంటే దిగితే చాలు, డాక్టర్లు హైపోథెర్మియా అనే ప్రమాదం మొదలైనట్లే. మొదట వణుకు. తరువాత వేళ్ళు మాట వినవు; బొత్తాం పెట్టుకోవడం చేతకాదు. మాట ముద్దగా వస్తుంది. ఆ తరువాత వణుకు ఆగిపోతుంది. ఆగిపోయిందంటే తగ్గిందని కాదు, శరీరం చేతులెత్తేసిందని.

ఇప్పుడు నూలు చొక్కా సంగతి. మన ఎండలకు నూలును మించినది లేదు. చెమటను పీల్చుకుంటుంది, నెమ్మదిగా ఆవిరి చేస్తుంది, ఒంటిని చల్లగా ఉంచుతుంది. మే నెలలో మనకు మేలు చేసే ఆ గుణమే మంచు కొండ మీద చెరుపు చేస్తుంది. తడిసిన నూలు పోగులు మెత్తబడి ఒంటికి అంటుకుపోతాయి, మధ్యలో గాలికి చోటుండదు. ఉన్నికి వేరే స్వభావం. ఉన్ని పోగు సన్నటి స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటుంది, కాబట్టి తడిసినా పూర్తిగా అణిగిపోదు. పైగా తన బరువులో సుమారు 30 శాతం దాకా తేమను పోగు లోపలికే తీసుకుని, పైకి తడి తెలియనివ్వదు.

అందుకే పర్వతారోహకులు దుస్తులను పొరలుగా తొడుక్కుంటారు. ఒంటికి అంటి ఉండే పొర సన్నటి ఉన్నితోనో, సింథటిక్ నూలుతోనో ఉంటుంది. దాని పని వెచ్చదనం కాదు, చెమటను చర్మం మీంచి తీసి పైకి పంపడం. దాని మీద గాలిని పట్టి ఉంచే పొర: ఉన్ని స్వెట్టరు, లేదా 1979లో ఒక అమెరికన్ మిల్లు తయారుచేసిన నూగు గుడ్డ ‘ఫ్లీస్’, లేదా బాతు, పెద్దబాతు ఈకల కింది మెత్తటి నూగు నింపిన కోటు. అన్నిటి మీద గాలినీ, మంచునూ ఆపే పలుచని పొర. గాలిని ఆపకపోతే లోపల ఎన్ని ఉన్నా దండగే; మనం జాగ్రత్తగా పట్టి ఉంచిన వెచ్చటి గాలిని ఈదురుగాలి ఊడ్చుకుపోతుంది. కానీ ఆ పై పొర ప్లాస్టిక్ సంచిలా ఉంటే చెమట ఆవిరి లోపలే నీరవుతుంది. ఈ చిక్కును 1969లో బాబ్ గోర్ అనే అమెరికన్ విప్పాడు. పెనాలకు పూసే టెఫ్లాన్ పదార్థాన్ని వేడి చేసి గభాలున లాగితే అతి సూక్ష్మమైన రంధ్రాలు ఏర్పడ్డాయి. నీటి చుక్క వాటిలో పట్టదు. ఆవిరి అణువు పడుతుంది.

ఒక లావు కోటు కంటే మూడు పలుచని పొరలు ఎందుకు మేలు? పొరకూ పొరకూ మధ్య కూడా గాలి చిక్కుతుందని పుస్తకాలు రాస్తాయి. అది నిజమే గానీ, నా దృష్టిలో అసలు కారణం అది కాదు. అయిదు బల్బులు వెలుగుతున్నప్పుడు ఒక పొర విప్పవచ్చు, ఒకటే వెలుగుతున్నప్పుడు మళ్ళీ వేసుకోవచ్చు. లావు కోటుకు రెండే స్థితులు: ఉంది, లేదు. కొండలెక్కడంలో ఆరితేరినవాళ్ళు బయలుదేరేటప్పుడు కాస్త చలి వేస్తున్నట్లుగానే బయలుదేరతారు. చెమట పట్టకముందే విప్పుతారు, చలి వేయకముందే తొడుక్కుంటారు.

చలి దేశాల్లో కొండ వేటకు వెళ్ళేవారికి ఇది మరీ కష్టం. మన దేశంలో 1972 చట్టంతో వేట నేరమైంది, కాబట్టి అది మనకు పనికొచ్చే విద్య కాదు. అందులోని భౌతిక శాస్త్రం మాత్రం పనికొస్తుంది. వేటగాడు చెమటలు కక్కుతూ కొండ ఎక్కి, ఆ తరువాత జంతువు కోసం గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనం దీనికి ఏనాడో ఉపాయం కనిపెట్టారు. కారిబూ అనే జింక తోలుతో రెండు అంగీలు కుట్టుకుంటారు. లోపలిదాని బొచ్చు ఒంటివైపు, బయటిదాని బొచ్చు బయటివైపు. పని చేసేటప్పుడు ఒకటి చాలు. ఆ జింక వెంట్రుక లోపల కూడా గాలి ఉంటుందట! అమెరికాలో ఎడ్డీ బావర్ అనే ఆటసామాన్ల వ్యాపారి 1930 దశకంలో చలికాలంలో చేపల వేటకు వెళ్ళి, తడిసిన ఉన్ని కోటు వీపు మీద గడ్డకట్టి చావు దాకా వెళ్ళి వచ్చాడు. ఆ తరువాత 1936లో ఈకల నూగు నింపి అరలు అరలుగా కుట్టిన కోటు తయారుచేశాడు.

అయితే ఆ ఆలోచన అంతకు ముందే ఎవరెస్టు మీదికి వెళ్ళి వచ్చింది. 1922 బ్రిటిష్ బృందంలో జార్జ్ ఫించ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. బెలూన్లకు వాడే గుడ్డతో, లోపల బాతు నూగుతో తానే ఒక కోటు కుట్టించుకున్నాడు. ఉన్నీ, ట్వీడూ తొడుక్కున్న తోటివారికి అది చూసి నవ్వొచ్చింది. పైన చలిగాలి వీచినప్పుడు ఆ నవ్వు అసూయగా మారింది. ఈ ఫించ్ మనకు మరీ పరాయివాడు కాదు. 1952 నుంచి 1957 దాకా పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు డైరెక్టరుగా పని చేశాడు.

1924లో అదే కొండ మీద కనిపించకుండా పోయిన జార్జ్ మాలరీ శరీరం 75 ఏళ్ళ తరువాత, 1999 మే 1న దొరికింది. పూర్ణ ఎక్కిన ఉత్తరపు వైపునే. ఒంటి మీద పట్టు, నూలు, ఉన్ని పొరలు, పైన గాబర్డిన్ అనే దట్టమైన నేత కోటు ఉన్నాయి. ఆ బట్టలకు నకళ్ళు నేయించి 2006లో ఎవరెస్టు వాలు మీదే తొడుక్కుని చూశారు. అనుకున్నదాని కంటే బాగున్నాయి. తేలిక, పైగా పట్టు మీద ఉన్ని జారుతుంది గనుక కాళ్ళూ చేతులూ ఆడించడం సులువు. కదులుతున్నంతసేపు ఫరవాలేదు. కదలలేక రాత్రి అక్కడే కూర్చుండిపోతే మాత్రం ఆ బట్టలు చాలవు.

ఇంత దూరం వెళ్ళి మన గొంగడిని మరిచిపోతే మీ తాతలు ఊరుకోరు. దక్కనీ గొర్రెల ముతక నల్ల ఉన్నితో, చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద కురుమలు నేసే గొంగడి మూడు పొరల పనిలో రెండింటిని ఒక్కటే చేస్తుంది. దట్టమైన నేత కనుక గాలిని ఆపుతుంది, ఉన్ని కనుక గాలిని పట్టి ఉంచుతుంది. సన్నటి వానకు నీళ్ళు పైనుంచే జారిపోతాయి. మంద వెనుక నడిచేటప్పుడు భుజాన, కూర్చుంటే ఒంటి మీద, వాన వస్తే నెత్తి మీదుగా. విప్పడం, వేసుకోవడం ఎంత సులువో చూడండి! లోపలి పొరగా మాత్రం పనికిరాదు, గుచ్చుకుంటుంది. విచారించవలసిన సంగతి ఏమిటంటే, మాంసం కోసం నెల్లూరు జాతి గొర్రెలను పెంచడం ఎక్కువయ్యాక దక్కనీ మందలు తగ్గాయి. నెల్లూరు గొర్రెకు ఉన్నట్టుండేది ఉన్ని కాదు, వెంట్రుక. దానితో గొంగడి రాదు.

కాళ్ళ గురించి ఒక్క మాట. చలి వేస్తోందని బిగుతు బూటులో రెండు జతల మేజోళ్ళు కుక్కితే పాదాలు మరింత చల్లబడతాయి. మేజోళ్ళలోని గాలి అణిగిపోతుంది, నెత్తురు సరిగా పారదు. చేతులకైతే అయిదు వేళ్ళ తొడుగు కంటే నాలుగు వేళ్ళూ కలిసి ఉండే సంచీ తొడుగు వెచ్చన. ఎందుకో మీరే ఆలోచించండి. వేళ్ళ ఉపరితల వైశాల్యం దగ్గర మొదలుపెట్టండి.

ఇదంతా నేను చెబితే నమ్మనక్కరలేదు. ఒకే రకం గాజు సీసాలు నాలుగు తీసుకోండి. పెద్దవాళ్ళ చేత నాలుగింటిలోనూ 60 డిగ్రీల నీళ్ళు సమానంగా పోయించండి. ఒకదాన్ని వట్టిదిగా వదిలేయండి. రెండోదానికి పాత నూలు గుడ్డ మూడు చుట్లు వదులుగా చుట్టండి. మూడోదానికి అంతే గుడ్డ బిగించి, దారంతో గట్టిగా కట్టండి. నాలుగోదానికి అంతే గుడ్డ తడిపి చుట్టండి. బడి ప్రయోగశాల నుంచి థర్మామీటరు అడిగి తెచ్చుకుని, ప్రతి అయిదు నిమిషాలకూ నాలుగింటి వేడీ పట్టికలో రాయండి. అరగంట చాలు. మరునాడు ఇదే ప్రయోగం ఫ్యాను కింద చేయండి. తడిగుడ్డ సీసా వరుసను వట్టి సీసా వరుస పక్కన పెట్టి చూడండి.