కడలి తీరపు కన్నీరు – కరువు సీమ కర్తవ్యం

యాడికి, తాడిపత్రి, గుత్తి ప్రాంతాలలో అక్టోబరు, నవంబరు మాసాలు వచ్చాయంటే రైతు చూపు తూర్పు దిక్కుకే మళ్లుతుంది. మన జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వర్షం 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. నైరుతి మొహం చాటేసిన ఏట, బంగాళాఖాతంలో వాయుగుండం పడిందన్న వార్తే మనకు చల్లని కబురు. చెరువులోకి నాలుగు నీళ్లు రావాలన్నా, బోరులో ఊట నిలవాలన్నా ఆ వానే దిక్కు. అయితే అదే వాయుగుండం బలపడి తుఫానుగా మారి తీరం దాటే చోట గుడిసెలు కూలుతాయి, పడవలు పగులుతాయి, పచ్చని చేలు ఉప్పునీటి పాలవుతాయి. మనకు రహ్మత్‌గా వచ్చే మేఘం మరొకరి ముంగిట ముసీబత్‌గా దిగుతుంది. అందుకే వాన కోసం చేతులెత్తినప్పుడు మేలు చేసే వాననే కోరాలని దైవప్రవక్త (స) మనకు నేర్పారు.

ఈ సంగతి తెలిసిన కరువు సీమ ముస్లిం కుటుంబానికి తుఫాను బాధితుల పట్ల బాధ్యత ఏమిటి? “మన కడుపే నిండనప్పుడు ఎక్కడో ఉన్నవారికి ఏమి ఇవ్వగలం?” అని అడిగేవారు మన మధ్యనే ఉన్నారు. ఈ ప్రశ్నను తోసిపుచ్చక, నిదానంగా పరిశీలిద్దాం.

దివిసీమ చెప్పిన పాఠం

1977 నవంబరు 19. ఆ ఏట బక్రీద్ పండుగ రెండు మూడు రోజుల దూరంలో ఉంది. ఆనాడు కృష్ణానది సముద్రంలో కలిసే దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. తాటిచెట్టంత అల వచ్చిందని అక్కడి పెద్దలు నేటికీ చెబుతారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి తీర గ్రామాలు అతలాకుతలమయ్యాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. స్థానికులు చెప్పే సంఖ్య అంతకంటే ఎక్కువ.

ఆ విషాదం తెలుగువారందరినీ కదిలించింది. సినీనటులు జోలె పట్టి వీధులలో విరాళాలు సేకరించారు. అవనిగడ్డ ప్రాంతానికి చెందిన ఆనాటి మంత్రి మండలి వెంకటకృష్ణారావు పునరావాస కృషిలో ముందు నిలిచారు. కలకత్తా నుండి మదర్ థెరిసా వచ్చారు. ఆక్స్‌ఫామ్ వంటి విదేశీ సంస్థలు సహాయానికి పూనుకున్నాయి. భాష వేరు, విశ్వాసం వేరు, దేశం వేరు అయిన మనుషులు ఒకే బురదలో నిలబడి పనిచేశారు. శవాలను తొలగించిన చేతులకు కులమతాలు అడ్డు రాలేదు.

మరొక లెక్క కూడా గమనించదగినది. 1990 మే నెలలో అదే కృష్ణా తీరాన్ని మరొక పెను తుఫాను తాకింది. ముందస్తు హెచ్చరికలు అందాయి. లక్షన్నరకు పైగా జనాన్ని సురక్షిత ప్రదేశాలకు తరలించారు. ఆ తుఫానులో మరణాలు వెయ్యికి లోపే నిలిచాయి. ఒక్క ప్రాణమైనా విలువైనదే. కానీ పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న అంతరం గాలి దయతలచినందువల్ల వచ్చింది కాదు. ముందుచూపు వల్ల వచ్చింది. కాబట్టి విపత్తు తరువాత అందించే అన్నం ఎంత సహాయమో, విపత్తుకు ముందు కట్టే తుఫాను రక్షిత భవనం కూడా అంతే సహాయం.

బంగ్లాదేశ్ దీనికి మరొక నిదర్శనం. 1970 నవంబరులో భోలా తుఫాను అక్కడ కనీసం మూడు లక్షల మందిని బలిగొంది. ఆ తరువాత అంతర్జాతీయ రెడ్‌క్రాస్ తోడ్పాటుతో గ్రామగ్రామాన స్వచ్ఛంద సేవకులను తయారుచేశారు. వారు మెగాఫోన్లు పట్టుకొని ఇంటింటికీ హెచ్చరిక చేరవేస్తారు. మస్జిదు మైకులు కూడా ఆ పనికి ఉపయోగపడుతున్నాయి. 2007లో సిద్ర్ తుఫాను వచ్చినప్పుడు మృతుల సంఖ్య వేలలోనే ఆగింది. పరాయి దేశపు డబ్బు స్థానికుల నేర్పుగా మారినప్పుడే సహాయం నిలుస్తుంది.

ఇందుకు భిన్నమైన దృశ్యం 2008 మే నెలలో మయన్మార్‌లో కనిపించింది. నర్గీస్ తుఫానులో 1,38,000 మందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. అయినా సైనిక పాలకులు విదేశీ సహాయకులను దాదాపు మూడు వారాల పాటు స్వేచ్ఛగా లోనికి రానివ్వలేదు. ఆకలికి పాస్‌పోర్టు అడగటం ఎంతటి అన్యాయమో లోకం చూసింది.

మన చరిత్రలో ఆదర్శం

సరిహద్దులు దాటి సహాయం చేయడం ఇటీవలి సంస్థలు కనిపెట్టిన విషయం కాదు. హిజ్రీ 18వ సంవత్సరంలో మదీనా పరిసరాలను తీవ్రమైన కరువు పీడించింది. గాలికి బూడిదలా దుమ్ము రేగిన ఆ ఏడాదిని చరిత్రకారులు ‘ఆముర్ రమాదా’ అన్నారు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఈజిప్టు, సిరియా, ఇరాక్ ప్రాంతాల పాలకులకు లేఖలు రాసి ధాన్యం తెప్పించారు. ప్రజల కష్టం తీరేవరకు తాను నెయ్యి, మాంసం ముట్టలేదు. అడగవలసిన చోట అడగటానికి సిగ్గుపడలేదు. వచ్చినదాన్ని పంచటంలో పక్షపాతం చూపలేదు.

అంతకు ముందటి ఉదంతం మరింత ఆలోచింపజేస్తుంది. యమామాకు చెందిన సుమామా బిన్ ఉసాల్ (రజి) ఇస్లాం స్వీకరించాక మక్కాకు ధాన్యం వెళ్లకుండా ఆపివేశారు. అప్పటికి మక్కావారు దైవప్రవక్త (స)కు బద్ధ శత్రువులు. ఆకలికి తాళలేక వారు ఆయనకే మొర పెట్టుకున్నారు. దైవప్రవక్త (స) ధాన్యం విడుదల చేయించారు. తనను సొంత ఊరి నుండి వెళ్లగొట్టినవారి పిల్లల ఆకలిని ఆయన ఆయుధంగా వాడలేదు. 1994లో రెడ్‌క్రాస్, తదితర సంస్థలు రూపొందించిన ప్రవర్తనా నియమావళి సైతం జాతి, మత, దేశ భేదం లేకుండా అవసరాన్ని బట్టే సహాయం అందాలని చెబుతున్నది. మనకు ఇది కొత్త మాట కాదు.

ఏ సొమ్ము ఎక్కడికి?

విరాళం సేకరించే ప్రతిసారీ కొన్ని ప్రశ్నలు మా ముందుకు వస్తాయి. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ మస్లక్ ప్రకారం వాటిని క్లుప్తంగా వివరిస్తాము.

మొదటిది జకాత్. దీనికి ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలను నిర్ణయించింది. జకాత్ సొమ్ము అర్హుడైన ముస్లిం పేద చేతికి చేరి, అతని సొంతం కావాలి. దీనినే ‘తమ్లీక్’ అంటారు. కాబట్టి ఆ సొమ్ముతో తుఫాను రక్షిత భవనం గానీ, బావి గానీ, రోడ్డు గానీ నిర్మించరాదు. సొంత ఊరి పేదలను వదిలి జకాత్‌ను వేరే ఊరికి పంపడం మక్రూహ్. అయితే అక్కడ బంధువులు ఉన్నా, మరింత అవసరంలో ఉన్నవారు ఉన్నా పంపవచ్చు. ఇల్లూ వాకిలీ కొట్టుకుపోయిన వాని అవసరం కంటే మించినది ఏముంటుంది?

రెండవది నఫిల్ సదఖా. దీని ద్వారం విశాలమైనది. హిందూ, క్రైస్తవ సోదరులకైనా, ఎవరికైనా ఇవ్వవచ్చు. భవనం కట్టవచ్చు, పడవ కొనివ్వవచ్చు, వలలు ఇప్పించవచ్చు. తుఫాను రక్షిత భవనంలో తలదాచుకున్న ప్రతి ప్రాణం లెక్కలో దాతకు సదఖయె జారియా పుణ్యం కొనసాగుతుందని ఆశించవచ్చు. ఖుర్బానీ మాంసం కూడా ముస్లిమేతర పొరుగువారికి పంచవచ్చు.

ఈ రెండు సొమ్ములనూ వేర్వేరు సంచులలో, వేర్వేరు పద్దులలో ఉంచాలి. వసూలు చేసేవారు రశీదు ఇవ్వాలి, జుమా నాడు లెక్క చదివి వినిపించాలి. ఇచ్చినవారికి అడిగే హక్కు ఉంది. పుచ్చుకున్నవారికి చెప్పే బాధ్యత ఉంది.

గల్ఫ్ దేశాలలో ఉన్న మన బిడ్డలకు ఒక మాట. భారత పౌరుడు తన సొంత పొదుపు నుండి బ్యాంకు ద్వారా పంపేది వేరు, విదేశీయుల నుండి సేకరించి ఇక్కడి సంస్థకు విదేశీ విరాళం పంపడం వేరు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని మదరసా, మస్జిదు కమిటీ, ట్రస్టు ఏదీ విదేశీ విరాళం స్వీకరించరాదు. 2020 సవరణతో ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. సదుద్దేశం చట్టానికి మినహాయింపు కాదు. నమోదైన సంస్థను ఎంచుకొని పంపండి.

ఇవ్వడంలోనూ అదబ్

విరాళం అనగానే చిరిగిన చీరలు, బొత్తాలు ఊడిన చొక్కాలు మూటలు కట్టి పంపేవారిని మేము చూశాము. తనకు ఇస్తే కళ్లు మూసుకొని గానీ తీసుకోలేని వస్తువును దానంగా ఎంచుకోవద్దని ఖుర్ఆన్ హెచ్చరించింది. బాధితునికి కావలసినది అతనినే అడగాలి. ఒకరికి దుప్పటి, మరొకరికి వంటపాత్రలు, ఇంకొకరికి విత్తనాలు. చాలాసార్లు నగదు పంపడమే మేలు. రవాణా ఖర్చు తప్పుతుంది, అక్కడి అంగడి కూడా బతుకుతుంది. పొట్లం చేతికిస్తూ ఫోటో దిగి పదిమందికీ పంపడం మాత్రం వద్దు. ఆ ఫోటోలోని తల్లికీ పరువు ఉంటుంది.

ఇక, “మాకేముంది?” అన్న ప్రశ్నకు జవాబు మన జిల్లాలోనే ఉంది. 1969లో స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి గ్రామీణాభివృద్ధి సంస్థను నెలకొల్పారు. మన ఊళ్లను ఎన్నడూ చూడని స్పెయిన్ కుటుంబాలు నెలనెలా పంపిన చిన్న మొత్తాలతో ఇక్కడ బడులు, ఇళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి వెలిశాయి. వారందరూ ధనవంతులేమీ కారు. పుచ్చుకున్న చేతికి ఇవ్వడం కూడా రావాలి. సగం ఖర్జూరపు పండుతోనైనా నరకాగ్ని నుండి కాపాడుకోమని దైవప్రవక్త (స) బోధించారు.

కాబట్టి ప్రతి ఇంటా ఒక డబ్బా పెట్టండి. పిల్లల చేత వారానికి ఒక రూపాయైనా వేయించండి. తుఫాను వచ్చాక పరుగెత్తడం కన్నా ముందే కూడబెట్టడం మేలు. మన చెరువు నిండిన ఏట ఆ డబ్బాలో ఒక పిడికెడు ఎక్కువ వేయండి. అల్లాహ్ మన వానను రహ్మత్‌గా, తీరవాసుల రాత్రిని క్షేమంగా చేయుగాక. ఆమీన్.