పరదేశపు మగ్గము ముందు మన పిల్లవాడు

2018వ సంవత్సరము వేసవిలో ఒకనాటి మధ్యాహ్నము, బరంపురములోని మా సంఘ కార్యాలయమున నూలు పద్దు సరిచూచుచుండగా, మా వీధి కుర్రవాడొకడు వచ్చి ఎదుట నిలిచెను. వాని తండ్రి మా సంఘ సభ్యుడు. ముప్పది యేండ్లుగా పట్టు పడుగు మీదనే బ్రతుకుచున్నవాడు. కుర్రవాడు బి.కాం. చదివి ఒక దుకాణములో లెక్కలు వ్రాయుచుండెను.

"మావయ్యా, నాకొక ఉత్తరం కావాలి. మగ్గం పని తెలుసనీ, పద్దులు రాయగలననీ మీ సంఘం ముద్రతో రాసివ్వాలి" అనెను.

ఎందుకని అడిగితిమి. కాంబోడియా దేశమునకు పోవుదుననెను. ఉద్యోగమా అంటిమి, కాదనెను. జీతమెంత అంటిమి, లేదనెను. బీదలకు చిన్న చిన్న అప్పులిప్పించు పరదేశపు సేవా సంస్థ యొకటి అయిదు నెలలకు వలంటీర్లను పిలుచుచున్నదట. విమానపు ఖర్చు, తిండి ఖర్చు ఎవరివి వారే పెట్టుకొనవలెను. ఆ సాయంత్రమే వాని తల్లి మా ఇంటికి వచ్చి, "అన్నయ్యా, ఎవరి అప్పులో చూసి రావడానికి వీడు అప్పు చేసి పోతాడట. మన ఇంటి అప్పు ఎవరు చూస్తారు? మీరు ఉత్తరం ఇవ్వకండి" అని కండ్ల నీరు పెట్టుకొనెను.

రెండు దినములు ఉత్తరము వ్రాయక ఊరకుంటిమి. ఆ పని యేమిటో తెలిసికొనకుండ ఔననుటకును కాదనుటకును మాకు మనసొప్పలేదు.

ఈ సూక్ష్మ ఋణముల కథ మన నేతవారికి వినగనే అర్థమగును. 1976లో చిట్టగాంగు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చెప్పుచుండిన మహమ్మద్ యూనస్ గారు, ప్రక్కనున్న జోబ్రా గ్రామమున వెదురు పీటలు అల్లు ఒక స్త్రీని చూచిరి. వెదురు కొనుటకు ఆమె చేత అయిదు టాకాలు లేవు. ఆ అయిదు టాకాలు వ్యాపారి ఇచ్చును; కాని పీటలు తనకే, తాను చెప్పిన ధరకే అమ్మవలెనని షరతు. దినమంతయు అల్లిన ఆమెకు మిగులునది అర టాకా. నూలు షావుకారిది, చీర షావుకారిది, మజూరీ మాత్రము మనది అను లెక్క మన వీధులలో ఎవరికి తెలియదు? ఆ గ్రామములో అట్టివారు 42 మంది తేలిరి. వారందరికిని కలిపి కావలసిన పెట్టుబడి 856 టాకాలు, అనగా 27 డాలర్లు. యూనస్ గారు ఆ సొమ్ము తమ జేబులోనుండి ఇచ్చిరి. అదియే పెరిగి 1983లో గ్రామీణ బ్యాంకు అయ్యెను. 2006లో ఆయనకును ఆ బ్యాంకునకును కలిపి నోబెల్ శాంతి బహుమానము వచ్చెను.

ఆ త్రోవలోనే అనేక దేశములలో సంస్థలు పుట్టినవి. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున 2005లో ఏర్పడిన కీవా అను సంస్థ, 25 డాలర్ల చొప్పున ఇష్టమైనవారి వద్ద వడ్డీ లేకుండ చేబదులు పోగుచేసి, దూరదేశములలోని ఋణసంస్థల ద్వారా బీదలకు చేర్చుచున్నది. సొమ్ము ఇచ్చినవానికి వడ్డీ లేకున్నను, పుచ్చుకొన్న బీదవాడు అక్కడి ఋణసంస్థకు వడ్డీ కట్టుట సామాన్యము. ఈ సంగతి తెలియక ధర్మప్రభువులు చాలామంది పొరబడుచుందురు. మరియొకటి గలదు. ఫోటో చూచి తాము ఎన్నుకొన్న మనిషికే తమ సొమ్ము అప్పుడు చేరుచున్నదని ఇచ్చినవారు తలచుచుండగా, చాలవరకు ఆ అప్పు అంతకు ముందే ఇచ్చి వేయబడియుండునని డేవిడ్ రూడ్‌మన్ అను పరిశోధకుడు 2009లో వ్రాసెను. ఆ పిమ్మట కీవావారు తమ పద్ధతిని మరింత విప్పి చెప్పిరి.

ఇట్టి ఏర్పాటులో వలంటీరు పని ఏమి? డబ్బు పంచుట కాదు. కీవావారు పంపిన వలంటీర్లకు ఒప్పగించిన ముఖ్యమైన పనులలో ఒకటి తనిఖీ. జాబితాలో కొన్ని పేర్లు ఏరుకొని ఆ యిండ్లకు పోవలెను. మనిషి ఉన్నదా, ఫోటోలోని మనిషియేనా, పుస్తకములో వ్రాసిన మొత్తమే ఆమె చేతికి ముట్టినదా, చెప్పిన పనికే వాడినదా అని చూడవలెను. మా కుర్రవాడు పోదలచినది కీవా కాదు, వేరొక సంస్థ. కాని పని అదే.

ఇది విన్న తరువాత మా తప్పు ఒకటి మాకు జ్ఞాపకము వచ్చెను. పాఠకులకు చెప్పకుండుట న్యాయము కాదు.

అప్పటికి కొన్ని యేండ్ల క్రిందట ఒక బ్యాంకువారు మా సభ్యులకు మగ్గముల పేర అప్పులిచ్చిరి. ఇంటిలో మగ్గము పనిచేయుచున్నదని సంఘ కార్యదర్శి ధ్రువపత్రము ఇయ్యవలెను. ముప్పదికి పైగా పత్రములు ఒక్క దినమున బల్ల మీద పెట్టిరి. తెలిసిన ఇండ్లే గదా అని కుర్చీలో కూర్చుండియే సంతకములు చేసితిమి. వానిలో ఒక ఇంట మగ్గపు గుంట అప్పటికే పూడ్చి సిమెంటు వేసియున్నది. ఇంటివాడు, మా గంజాం జిల్లా మనుష్యులు వేలకొలది పోయినట్లే, సూరతుకు మరమగ్గముల పనికి పోయినాడు. మగ్గము పేర తీసిన అప్పు పాత అప్పు తీర్చుటకు పోయెను. సూరతు నుండి వచ్చు డబ్బుతో వాయిదా కట్టుచు ఆ ఇల్లాలు రెండేండ్లు ఒక పూట తినెను. సంగతి బయటపడిన దినమున మేము ఆమెను గద్దింపబోగా, "మగ్గం ఉందని మీరే రాసేరు గదా అన్నయ్యా. ఒక్కసారి గుమ్మంలోకి వచ్చుంటే నేనే చెప్పేదాన్ని" అనెను. మాకు నోట మాట రాలేదు.

గుమ్మములోనికి పోయి చూచుటయే ఆ పిల్లవాని పని యైనచో, అది తక్కువ పని కాదని మాకు తోచెను. ఉత్తరము వ్రాసి ఇచ్చితిమి. తల్లికి కోపము వచ్చెను; ఆరు మాసములు మా ఇంటి గడప త్రొక్కలేదు. ఎనుబది వేల రూపాయలు మేనమామ వద్ద చేబదులు తీసికొని కుర్రవాడు బయలుదేరెను.

కాంబోడియాలో వానిని తాకేయో రాష్ట్రమునకు పంపిరి. అది రాజధాని ప్నోంపెన్‌కు దక్షిణమున నున్నది. ఆ దేశమున పట్టునేతకు పేరుపడిన చోటు. అక్కడ నేయువారు స్త్రీలు. కొయ్య స్తంభముల మీద ఇల్లు, దాని క్రింది నీడలో మగ్గము. గుంట లేదు, నేల మీదనే పొడవైన కొయ్య చట్టము. హోల్ అను వారి బట్టకు పేక పట్టునూలును మూటలుగా కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టి ముంచుదురు. పోచంపల్లివారి పనియు, మన ఒడిషాలోని సంబల్పురు బంధ పనియు అదే జాతివి. పట్టు చాలవరకు వియత్నాము నుండియు చైనా నుండియు రావలసినదే. వ్యాపారి నూలు అరువిచ్చి బట్ట తాను పట్టుకొనిపోవును. "మావయ్యా, భాష ఒక్కటే వేరు, మిగిలినదంతా మన వీధే" అని వాడు మొదటి ఉత్తరములో వ్రాసెను.

భాష వేరగుటయే పెద్ద చిక్కు అయ్యెను. వానికి ఖ్మేర్ భాష రాదు. ఋణసంస్థ గుమాస్తాయే దుబాసిగా వెంట వచ్చెడివాడు. అప్పు వసూలు చేయువాడే ప్రక్కన నిలిచి, "అప్పు వలన మేలు జరిగినదా?" అని అడిగిన ఏ ఇల్లాలు కాదనును? మొదటి మూడు వారములలో వాడు చూచిన ప్రతి ఇంట సమాధానమొక్కటే: అంతయు బాగున్నది. వాడు అట్లే వ్రాసి పంపెను. పై కార్యాలయమువారు మెచ్చుకొనిరి.

నాల్గవ వారమున ఒక ఇంట గుమాస్తా టెలిఫోనులో మాటలాడుచు దూరముగా పోయెను. మగ్గము మీద పోగు తెగియున్నది. మన పిల్లవాడు అలవాటు చొప్పున వంగి, ఆ పోగు పట్టి, మన పద్ధతిలో అతికెను. ఆ ఇల్లాలు వాని చేతి వంక చూచి నవ్వి లోనికి పోయి, ఒకటి కాదు, మూడు పాసుపుస్తకములు తెచ్చి వాని ముందు పెట్టెను. మూడు సంస్థల అప్పులు. మాట అక్కరలేదు, అంకెలు ఏ దేశముననైనను చదువవచ్చును గదా.

మరునాటి నుండి వాడు గుమాస్తాను వద్దని, ఆ ఊరి బడిపంతులుగారి కుమార్తెకు తన భోజనపు డబ్బులో కొంత ఇచ్చి దుబాసిగా కుదుర్చుకొనెను. అప్పుడు గాని అసలు కథలు బయటికి రాలేదు. పట్టునూలుకని తీసిన అప్పు ఒక ఇంట వైద్యమునకు, ఒక ఇంట వేరొక సంస్థ వాయిదాకు పోయినది. ఒక ఇంట కూతురు ప్నోంపెన్ దుస్తుల ఫ్యాక్టరీలో చేరి పంపు డబ్బుతోనే వాయిదా నడచుచున్నది. ఆ ఉత్తరము చదువుచుండగా మాకు సూరతు జ్ఞాపకము వచ్చెను. పెద్ద అప్పులకు భూమి పత్రము తాకట్టు. 2017లో ఆ దేశపు బ్యాంకు వడ్డీ సంవత్సరమునకు నూటికి 18కి మించరాదని కట్టడి చేసినది. కాని అప్పు మొదట పట్టుకొను రుసుములు పెరిగినవని అక్కడివారు చెప్పుకొనుచుండిరి. భూములు అమ్ముకొని అప్పులు కట్టిన కుటుంబములను గూర్చి 2019లో ఆ దేశపు మానవహక్కుల సంఘము లికాడో ఒక నివేదికయే వెలువరించెను. ఇవన్నియు మన పిల్లవాడు కనిపెట్టినవి కావు. వాడు కనిపెట్టినది మరియొకటి. నేతవాని బిడ్డ గనుకనే కనిపెట్టగలిగెనని మా నమ్మకము.

వాని మూడవ ఉత్తరములో ఒక ప్రశ్న యుండెను. "మావయ్యా, అప్పు తీసిన నెలకే మొదటి వాయిదా. కాని నూలు కొని, పేక కట్టి, రంగులద్ది, నేసి, కోసి, అమ్మి డబ్బు చేతికి రావడానికి రెండు నెలలు. మొదటి వాయిదా ఎక్కడ నుంచి కడతారు? మన సంఘంలో ఎలా చేస్తారు?"

వాడే వెదకి జవాబు తెలిసికొనెను. మొదటి వాయిదాకు ఆమె పోవునది ఆ నూలు వ్యాపారి వద్దకే. నేయబోవు బట్ట తనకే ఈయవలెనని వాడు చేబదులిచ్చును. వ్యాపారి నుండి విడిపించుటకు పుట్టిన అప్పు, వాయిదా తేదీ మూలమున, ఆమెను మరల వ్యాపారి గుమ్మములోనే నిలబెట్టుచున్నది. జోబ్రాలో వెదురుకు అయిదు టాకాలిచ్చినవాడు ఇక్కడ వాయిదాకు ఇచ్చుచున్నాడు, అంతే భేదము.

పాలు అమ్మువారికి, కూరలు అమ్మువారికి వారపు వాయిదా సరిపోవచ్చును. వారికి దినము దినము డబ్బు వచ్చును. మగ్గమునకు పడుగు ముగిసినగాని డబ్బు లేదు. గ్రామీణ బ్యాంకు తొలి పద్ధతి వారపు వాయిదాయే. అదే మన తెలుగు జిల్లాలకును వచ్చెను. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని సంస్థల శాఖలను మూయించిరి. 2010 అక్టోబరులో ఆంధ్ర ప్రభుత్వము అత్యవసర శాసనము తెచ్చెను. వసూలు ఇంటి గుమ్మమున గాక బహిరంగ స్థలమున జరుగవలెననియు, వాయిదా నెలకొకటి యుండవలెననియు దానిలో నుండెను. అంతటి గందరగోళములో పుట్టిన చట్టమునకు సైతము వాయిదా కాలము పట్టించుకొనదగిన సంగతిగా తోచినది. కాని నెల వాయిదాయైనను పట్టు మగ్గమునకు చాలదు.

ఆ ప్రశ్నకు మేము వెంటనే జవాబు వ్రాయలేకపోతిమి. మా సంఘపు చేబదుళ్ళలో సయితము మొదటి కోత నెలకే మొదలగుచుండెను! ఇరువది యేండ్లుగా అట్లే జరుగుచుండగా ఎవరును అడుగలేదు, మేమును చూడలేదు. తరువాతి కార్యవర్గ సమావేశమున ఆ ఉత్తరము చదివి వినిపించితిమి. దరఖాస్తు కాగితములో "మొదటి చీర కోయు తేదీ" అని ఒక గడి చేర్చితిమి. కోత ఆ తేదీ దాటిన పిమ్మటనే. ఒకరిద్దరు సభ్యులు తేదీని సాగదీసి వ్రాయుచున్నారు, అదియు చెప్పవలెను. అందుకే ఇప్పుడు గుమ్మము ఎక్కి పడుగు చూచి గాని సంతకము చేయుట లేదు.

పిల్లవాని నివేదిక సంగతి అంత బాగుగా ముగియలేదు. నేతవారి అప్పులకు రెండు నెలలు గడువు ఇమ్మని వాడు వ్రాసెను. అందరికిని లెక్క ఒకటే, మార్చుటకు వీలుపడదని అక్కడి ఋణసంస్థ అధికారి చెప్పెను. ఒక శాఖలో ప్రయత్నించి చూతుమని పై వారనిరి. అంతలో వాని అయిదు నెలలు నిండినవి. పాసుపుస్తకములు చూపిన ఇల్లాలికి వాని వలన ఒరిగినది ఏమియు లేదు. ఆ మాట తలచుకొని వాడు ఇప్పటికిని బాధపడును. మేనమామ బాకీ తీరుటకు పదునెనిమిది మాసములు పట్టెను.

ఇదంతయు ఇప్పుడెందుకు వ్రాయుచున్నామనగా, ఈ మాసమున మరియొక బిడ్డ, ఈసారి ఆడపిల్ల, అదే ఉత్తరము కొరకు వచ్చెను. ఆమెకు చూపిన సంస్థ వలంటీరు వద్దనే పెద్ద రుసుము అడుగుచున్నది. రెండు వారములు త్రిప్పి, ఫోటోలు తీయించి పంపుదురట. అది వద్దని చెప్పితిమి. అయిదారు మాసములైనను ఉండనిచ్చువారిని చూడుము. వీసా ఏ రకమో, జబ్బు చేసిన ఖర్చు ఎవరిదో కాగితము మీద వ్రాయించుము. అన్నిటికంటె ముందు దుబాసి ఎవరని అడుగుము అంటిమి. తండ్రి ఔననుచున్నాడు, నాయనమ్మ కాదనుచున్నది. రాబోవు అమావాస్య నాడు మగ్గములు ఆగినపుడు వారి ఇంట కూర్చుందుము. కాంబోడియా పోయివచ్చిన కుర్రవానిని కూడ రమ్మంటిమి. వాని తల్లియు వచ్చెదనన్నది. ఏమి చెప్పబోవునో మాకు తెలియదు.