నింద బళ్ళారి జాలిదేనా?

కన్నడంలో సర్కారు తుమ్మకు బళ్ళారి జాలి అని పేరు. సరిహద్దు దాటి రాయదుర్గం వైపు వెళ్తే అదే కంపచెట్టు. ఊరి పేరు మోస్తున్నందుకేమో, మా వైపు నిందలన్నీ దానికే. పొయ్యి గోడ నెర్రెలిచ్చినా, కింద కడ్డీలు వంగినా "జాలికట్టె పెడితే అంతే, దాని వేడికి ఇనుమే నిలవదు" అనేస్తారు. ఇంట్లోకి గ్యాస్ వచ్చినా పెరట్లో నీళ్లపొయ్యి, జొన్నరొట్టెల పొయ్యి ఆరని ఇళ్లు ఇక్కడ ఇంకా చాలానే ఉన్నాయి కనుక ఈ మాట తరచూ చెవిన పడుతుంది.

బాగా ఎండిన కట్టె ఏదైనా సరే, తుమ్మైనా వేపైనా, కిలోకి ఇచ్చే వేడిలో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా చేవలో ఉంది. జాలి చిక్కటి చెక్క. నాలుగు పుల్లలు పెట్టామనుకుంటాం గానీ, తూకం వేస్తే తేలికపాటి కట్టెలకంటే బాగా ఎక్కువే ఉంటుంది. దాని నిప్పులు కూడా గట్టివి, కడ్డీల మీద చాలాసేపు కణకణలాడుతూ కూర్చుంటాయి. పుల్లల లెక్క చూసి పెట్టేవాళ్లు జాలి దగ్గర ఒకటి రెండు తగ్గించుకుంటే చాలు.

అపోహ: సిమెంటు పూస్తే పొయ్యి పదేళ్లు కదలదు.

సిరుగుప్ప దగ్గర మా పెద్దత్త ఇంట్లో ఇది కళ్లారా చూశాను. ఏటేటా మట్టి అలకలేక మేస్త్రీతో లోపలా బయటా సిమెంటు చేయించింది. మొదటి నెల అద్దంలా ఉంది. రెండు పండగలు గడిచేసరికి మంట తగిలే లోపలి అంచు తెల్లబారింది. గోటితో గీకితే సున్నంలా పొడి రాలింది. కొన్నాళ్లకు అరచేయంత పెచ్చు ఊడి పప్పుకుండ పక్కన పడింది.

ఆ పొడి నిజంగానే సున్నం. గట్టిపడిన సిమెంటులో సున్నం నీటితో కలిసి ఉంటుంది. వేడి 400 డిగ్రీలు దాటి 450కి చేరేలోపు ఆ నీరు విడిపోయి కాల్చిన సున్నం మిగులుతుంది. పొయ్యి లోపల మంట ఇంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది. మర్నాడు ఎసరు పొంగి నాలుగు చుక్కలు పడినా, వానగాలి తగిలినా, ఆ సున్నం మళ్లీ తడి పీల్చి ఉబ్బుతుంది. కాలడం, ఉబ్బడం, మళ్లీ కాలడం. ఏ సిమెంటైనా ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? బయటి గోడకు, అరుగుకు సిమెంటు వాడుకోవచ్చు. మంట నాకే చోట మాత్రం మట్టే మేలు.

అయితే మట్టి అంటే ఏ మట్టైనా పనికొస్తుందా? బళ్ళారి చుట్టూ నల్లరేగడి కావలసినంత. తడిస్తే ఉబ్బి, ఎండితే వేలు దూరేంత నెర్రెలు ఇచ్చే నేల అది. పొలంలో చేసిన పనే పొయ్యిలోనూ చేస్తుంది. ఎర్రమట్టి లేదా పుట్టమన్ను తెచ్చి, పేడా వరిపొట్టూ కలిపి తొక్కి చేసే పాత పద్ధతిలో తెలివి ఉంది. పొట్టు కాలిపోయాక మిగిలే చిన్న చిన్న బొరియలు వేడిని బయటికి పోనివ్వవు, పగులు పుట్టినా దూరం సాగనివ్వవు. సన్నటి నెర్రెలు వస్తే భయపడక్కర్లేదు, అదే మట్టితో అలికేస్తే సరి.

అపోహ: గ్రానైటుకు మంట ఒక లెక్కా?

బళ్ళారి గుట్టను రోజూ చూసేవాళ్లకు ఈ నమ్మకం సహజమే. కానీ గ్రానైటులో ఉండే పలుగు, అంటే క్వార్ట్జ్, 573 డిగ్రీల దగ్గర రూపు మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది. పక్కనున్న ఖనిజాలు అంత ఉబ్బవు, రాయి బీటలు వారుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో బెంగళూరు చుట్టుపక్కల రాళ్లు తీసేవాళ్లు కట్టెల మంట పెట్టి బండ మీది నుంచి పలకలు లేపేవారు. గ్రానైటు రాళ్లతో పొయ్యి పెట్టి మనం అదే పనిని తెలియక చేస్తున్నాం. వాగులో నానిన రాళ్లయితే మరీ ప్రమాదం, లోపలి తేమ ఆవిరై చిట్లి ముఖం మీదికి ఎగరొచ్చు.

అపోహ: ఇనుప పొయ్యి ఎర్రబడితే బాగా పనిచేస్తున్నట్టు.

ఇనుము చీకట్లో మసక ఎరుపుగా కనబడిందంటే 500 డిగ్రీలు దాటినట్టే. ఆ వేడిలో మామూలు ఉక్కు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పొలుసు కడుతుంది. చల్లారినప్పుడు పొలుసు రాలి కింద కొత్త ఇనుము బయటపడుతుంది, మర్నాడు దాని వంతు. అందుకే రేకు ఏడాదికేడాది పలచబడుతుంది. దీన్ని తట్టుకోవడానికే ఎన్విరోఫిట్ అనే పొయ్యిల సంస్థ అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలతో కలిసి క్రోమియం, అల్యూమినియం కలిపిన ఇనుప మిశ్రమాన్ని మంటగదికి వాడింది. మన పెరటి పొయ్యికి అంత హంగు కుదరదు గానీ, ఖర్చులేని ఉపాయం ఒకటుంది: బూడిద ఎత్తడం. కడ్డీలను చల్లబరిచేది కింది నుంచి వచ్చే గాలి. బూడిద పేరుకుని కడ్డీలకు ఆనితే ఆ గాలి ఆగిపోతుంది. పైన నిప్పులు, కింద వేడి బూడిద, మధ్యలో కడ్డీ మెత్తబడి గిన్నె బరువుకు వంగుతుంది. పత్తికట్టె కాల్చే ఇళ్లలో ఇంకో బెడద. దాని బూడిదలో పొటాషియం ఎక్కువ, అది తక్కువ వేడికే కరిగి చిట్టెంలా కడ్డీలకు అతుక్కుంటుంది.

"మంట ఎక్కువైతే వంట తొందరగా అవుతుంది" అనేది సగమే నిజం, అదీ ఎసరు కాగే వరకే. తెర్లిన నీళ్లు ఎంత మంట పెట్టినా అంతకుమించి వేడెక్కవు. మిగిలిన వేడి గిన్నె పక్కల నుంచి పైకి పోతుంది, గోడలోకి ఇంకుతుంది. పచ్చికట్టె ఆగి ఆగి కాలుతుంది కాబట్టి పొదుపనేవాళ్లూ ఉన్నారు. అప్పుడే కొట్టిన కట్టెలో దాదాపు సగం బరువు నీళ్లే. మామూలు నీళ్లను మరిగించడానికి పట్టే వేడికి, మరిగాక ఆవిరి చేయడానికి సుమారు 7 రెట్లు కావాలి. పైగా పొగగొట్టంలో జిగురుమసి పేరుకుంటుంది. ఒకరోజు జాలికట్టె భగ్గుమంటే ఆ మసి గొట్టం లోపలే అంటుకోవచ్చు, పైన బోదకప్పు ఉంటే చెప్పనక్కర్లేదు.

పొగగొట్టం పొయ్యిల్లో ఇంకో పొరపాటూ జరుగుతుంది. 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎ.కె.ఎన్. రెడ్డి చొరవతో మొదలైన అస్త్ర బృందం తర్వాత మూడు గిన్నెలు, పొగగొట్టం ఉన్న అస్త్ర ఒలె అనే పొయ్యిని తయారుచేసింది. అలాంటి పొయ్యికి కొలతలే ప్రాణం. కట్టెలు చీల్చే ఓపిక లేక నోరు పెద్దది చేసుకుంటే గాలి ఎక్కువ దూరి, గిన్నెకు తగలాల్సిన వేడిని పొగగొట్టంలోకి ఈడ్చుకుపోతుంది.

ఇక పెద్దత్తతో నేను గెలవలేనిది నీళ్ల దగ్గర. వంట కాగానే చెంబుతో నీళ్లు చల్లుతుంది. చుయ్ మంటుంది, వేడి గోడ ఒక్కసారిగా కుంచించుకుని నెర్రె ఇస్తుంది. "చల్లకపోతే బొగ్గులన్నీ బూడిదైపోవూ?" అంటుంది. నిప్పులు పట్టకారుతో ఇనుప డబ్బాలోకి తీసి మూత పెట్టు అత్తా, గాలాడక అవే ఆరిపోతాయి అంటే డబ్బా తెచ్చిపెట్టమంది. మొన్న తీసుకెళ్లాను. కొత్త కడ్డీలు వేయించింది గానీ కింద బూడిద జానెడు ఎత్తు అలాగే ఉంది. నేనే పార తీసుకుని ఎత్తాను. గిన్నెలు తోమడానికి కావాలని సగం గోడవారన పోయించింది.