ఎదిగే పెట్టలకు పలుచని దాణా: తవుడు అడగడంలో మర్మం

బ్రీడర్ ఫారాలకు దాణా సరుకు పంపే వర్తకులకు ఒక్కొక్కప్పుడు వింత అనుభవం ఎదురవుతుంది. మేలురకం మొక్కజొన్న గోదాములో సిద్ధంగా ఉన్నా, ఎదిగే పెట్టలకు నూనె తీసిన తవుడు కావాలని ఆర్డరు వస్తుంది. ఇది కేవలం ధర చూసి చేసే బేరం కాదు.

బ్రాయిలర్ పిల్లలనిచ్చే తల్లి పెట్టలు త్వరగా ఒళ్లు చేసే జాతి. కడుపునిండా మేపితే కొవ్వు పట్టి, గుడ్లకు వచ్చేసరికి దెబ్బతింటాయి. ఎండలకు ముందుగా రాలిపోయేవీ అవే. అందుచేత రెండు మూడు వారాల వయసు నుంచే దాణా తూచి వేస్తారు.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. తూచి వేసిన దాణా పుష్టిగా, గుళికల రూపంలో ఉంటే పెట్టలు క్షణాలమీద మింగేస్తాయి. బలమైనవి తొట్టిని ఆక్రమిస్తాయి. బక్కవాటికి మిగిలేది తక్కువ. తక్కిన రోజంతా ఆకలితో ఈకలు పీక్కోవడం, నీరు అతిగా తాగి లిట్టరు తడపడం మొదలవుతుంది. పీచు ఎక్కువైన పలుచని దాణాను పిండిగా వేస్తే తినడానికి వ్యవధి పడుతుంది, అన్నిటికీ వంతు దక్కుతుంది. మందలో నూటికి 80 పెట్టలైనా సగటు బరువుకు 10 శాతం అటూఇటూగా ఉండాలని ఫారాలవారి పట్టుదల. బరువులు ఎగుడుదిగుడైతే పెట్టలన్నీ ఒకేసారి గుడ్లకు రావు. హేచరీకి చిన్న గుడ్లు చేరి పిల్లల వ్యాపారం కుంటుపడుతుంది.

అయితే పలుచని దాణా చౌక అనుకోరాదు. తలకు రోజుకు 200 కిలో కేలరీల చొప్పున 10,000 పెట్టలున్నాయనుకుందాం. కిలోకు 2,800 కిలో కేలరీల శక్తిగల దాణా అయితే 714 కిలోలు చాలు. 2,600 రకమైతే 769 కిలోలు కావాలి. అంటే క్వింటాలు ధర కనీసం 7 శాతం తగ్గితేనే లెక్క సరిపోతుంది. లారీ బాడుగ, హమాలీ అదనం. శక్తి తగ్గించి మాంసకృత్తుల శాతం అలాగే ఉంచితే సోయా చెక్క ఖర్చు వృథా.

పిండి దాణాకూ లోపమున్నది. పెట్టలు మొక్కజొన్న పలుకులు ఏరుకుని అడుగు పొడి వదిలేస్తాయి. విటమిన్లు, ఖనిజాలు ఎక్కువగా ఉండేది ఆ పొడిలోనే. గుళికల తయారీలో ఆవిరి వేడికి సాల్మొనెల్లా క్రిములు తగ్గుతాయి గనుక కొందరు వాటినే కోరుతారు. కాని గుళిక గట్టిగా లేకపోతే దారిలోనే పొడి అవుతుంది, బస్తా విప్పగానే పేచీ వస్తుంది. ఊక కలిపిన తవుడు సంగతి చెప్పనక్కరలేదు. పీచు, ఇసుక పరీక్షలో అది దాగదు.

పెట్టలు 24, 25 వారాలకు గుడ్లకు వచ్చేసరికి ఆర్డరు తిరగబడుతుంది. తవుడు పాలు తగ్గుతుంది. మొక్కజొన్న, సోయా చెక్కతో పాటు, పెంకు గట్టిపడటానికి సున్నపురాయి రవ్వకు గిరాకీ వస్తుంది.